చెరువు కట్టయే పట్టణమునకు రక్ష

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్విన ఫలములేదని మన పెద్దలు చెప్పుదురు. అమెరికాయందలి ఫిలడెల్ఫియా పట్టణమున 1736వ సంవత్సరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలగువా రీ సంగతిని గ్రహించి, ఇరుగుపొరుగువారితో నొక సంఘముగా జేరిరి. సభ్యులందఱును తమ యిండ్ల తోలుబొక్కెనలను ముందుగనే సిద్ధపఱచుకొని, నిప్పంటుకొన్న చోటికి పరుగెత్తి తోడ్పడవలెనని నియమ మేర్పఱచుకొనిరి.

హైదరాబాదు నగరమున కీ పాఠమును గట్టిగా నేర్పినది నిప్పు గాదు, నీరు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి, పాతనగరమువైపునను ఆవలిదరినిగల పేటలను ముంచివేసెను. వేలకొలది జనులు మృతినొందిరి. అఫ్జల్‌గంజు వద్ద నొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నిలిచియున్నది.

ఇంత వరద యెట్లు వచ్చెను? ప్రభుత్వమువారి కోరికపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దీనిని విచారించిరి. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. మూసీకి నీరు వచ్చు ప్రదేశమున 788 చెరువు లుండగా, వానిలో 221 చెరువులకు గండ్లు పడెను. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు తెగినచో, ఆ నీరంతయు నొక్కుమ్మడిగా క్రిందిచెరువుపై బడి దానిని గూడ తెంచును. ఇట్లు పల్లెల గండ్లు నగరపు వరదను మఱింత పెంచినవి.

ఆయన సూచించినట్లు నగరమునకు ఎగువను రెండు జలాశయములు కట్టబడెను. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఇవి వరదను నిలుపుటయేగాక నగరమునకు త్రాగునీటిని గూడ నొసంగినవి.

అట్టి మహానిర్మాణములు ప్రభుత్వమువలననే కాగలవు. కాని ఊరి చెరువు కట్టను గనిపెట్టుట మన చేతిలోని పని. కట్టలోని యెలుకబొరియలను తొలకరికి ముందే పూడ్చవలెను. వేళ్లుపాఱు చెట్లను కట్టపై పెరుగనీయరాదు. మత్తడి వద్ద పూడికను తీసి, అధికజలము సులువుగా పోవునట్లు చేయవలెను. పెద్దవాన కురిసిన రాత్రి నీరటికి తోడుగా వంతులవారీగ మనుష్యులు కావలి యుండవలెను.

మన కట్ట తెగిన, నష్టము మన పైరుతో నాగదు. దిగువ గ్రామమువారి పొలములును ఇండ్లును పోవును. కావున సంఘసభ్యులు వేసవిలోనే సమావేశమై, ఎవరెవ రేయే పని చేయవలయునో నిర్ణయించుకొందురుగాక.