తొలగించిన రాగి

గద్వాల చీర అంచున రావలసిన హంసయో గోపురమో మగ్గమెక్కుటకు ముందే గడుల కాగితముపై రూపు దాల్చును. విద్యుత్తునకు త్రోవలు చూపు ముద్రిత ఫలకము, అనగా మనము పీసీబీ అని పిలుచునదియు, అట్లే గడుల కాగితముపై పుట్టును. అయితే నేతలో పోగు చేర్చగా చేర్చగా రూపమేర్పడును. ఈ ఫలకమునందు అక్కరలేని రాగిని తొలగింపగా మిగిలినదే రూపము.

పూర్వము రేడియోపెట్టె వెనుకభాగమును విప్పినచో లోపల తీగల చిక్కు కనబడెడిది. ప్రతి తీగను చేతితోనే అతుకవలసి యుండుటచే పొరపాట్లును, కాలవిలంబమును, వ్యయమును అనివార్యములై యుండెను. 1907లో వియన్నా నగరమున జన్మించి, 1936లో ఇంగ్లండునకు వలసపోయిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు, అచ్చువేయు విద్యనే తీగలకును వర్తింపజేయవచ్చునని తలచి, అట్టి ఫలకముతో ఒక రేడియోను నిర్మించి, 1943లో పేటెంటుకు దరఖాస్తు చేసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, లక్ష్యమును సమీపింపగానే పేలు ఫిరంగిగుండ్లలో ఈ పద్ధతి వినియోగమునకు వచ్చెను. 1948లో అమెరికా ప్రభుత్వము దీనిని వాణిజ్యమునకు విడిచిన పిమ్మట ఇది లోకమంతట వ్యాపించెను.

వనపర్తి సంస్థానాధీశుల రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ వెలసినది. అట్టి విద్యాలయములలో చదువు విద్యార్థి ఎవడైనను ఈ ఫలకమును ఇంటనే చేసికొనగలడు. రాగిరేకు అతికించిన పలకను గరుకు కాగితముతో రుద్ది, వ్రేలి జిడ్డైనను అంటకుండ తుడిచి, త్రోవలను చెరగని మార్కరుతో గీయవలెను. ఆ రేకు మందము సాధారణముగా 35 మైక్రోనులు, తలవెండ్రుకకంటెను పలుచన. పిదప ప్లాస్టిక్ పళ్లెములోని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున పలకను ముంచి, పళ్లెమును మెల్లగా ఊపుచుండవలెను. చిక్కని డికాషనువంటి ఆ ద్రావణములోని ఇనుము రాగినుండి ఎలక్ట్రానులను గ్రహించి, దానిని నీటిలో కరగు క్లోరైడుగా మార్చును. సిరా కప్పిన చోట రాగి నిలుచును. కప్పని చోట మెరుపు మాసి, అంచులనుండి కరగుచు, తుదకు క్రింది పలక బయటపడును. అప్పుడే పైకి తీయవలెను. ఆలస్యమైనచో ద్రావణము సిరాక్రిందికిని ప్రాకి సన్నని త్రోవలను తెంచివేయును. కడిగి, థిన్నరుతో సిరాను తుడిచినంతనే గీసిన గీతలన్నియు రాగి గీతలై తళుక్కుమనును.

మరి తొలగిన రాగి ఎచ్చటికి పోయినది? అది నశింపలేదు, పళ్లెములోనే యున్నది. రాగి లవణములు కొద్దిపాటివైనను చేపలకు విషములు. ఆ నీటిని మురుగుకాలువలో పోసినచో, అది గద్వాల ప్రక్కన పారు కృష్ణకో, నాగర్‌కర్నూలు కేసరిసముద్రము వంటి చెరువునకో చేరును. పాత ఇనుపమేకులను ఆ ద్రావణములో వేసినచో రాగి వానిపై ఎఱ్ఱగా పేరుకొనును. పిమ్మట చాకలిసోడాను కొద్దికొద్దిగా కలిపినచో మిగిలిన లోహములు మడ్డిగా అడుగునకు దిగును. ఆ మడ్డిని ఆరనిచ్చి, మూతగల సీసాలో భద్రపఱచి, ప్రమాదకర వ్యర్థములను స్వీకరించువారికి అప్పగింపవలెను. చేతులకు తొడుగులును, కన్నులకు అద్దములును మఱువరాదు.

ఫలకముపై నిలిచిన రాగికి ఎంత శ్రద్ధ వహింతుమో, ఫలకమునుండి తొలగిన రాగికిని అంత శ్రద్ధ వహించిననాడే ఈ విద్య మనకు పూర్తిగా వచ్చినట్లు.