పాత బల్లకు 17½ గంటలు

పాత సామాన్లు కొనే ఆటో మా వీధిలోకి వస్తే ముందు మైకు వినపడుతుంది, తర్వాత మనిషి కనపడతాడు. అతను మా వరండాలోని బల్లను ఒక మూల పట్టి ఎత్తి చూశాడు. వేలితో రెండు దెబ్బలు వేశాడు. పెదవి విరిచి, "పొయ్యిలోకి పనికొస్తది సార్" అన్నాడు. ఆకుపచ్చ ఎనామిల్ రంగు పెచ్చులూడిపోయి, సొరుగు బిగుసుకుపోయి, ఒక కాలు ఊగిసలాడుతున్న బల్లకు అంతకు మించిన మర్యాద ఎవరిస్తారు? కానీ పొయ్యిలోకి తప్ప పనికిరాని దాన్ని ఎత్తడానికి అతనికి రెండు చేతులు కావాల్సి వచ్చాయి. అక్కడే నాకు అనుమానం మొదలైంది. అతను వెళ్లాక టేపు తీశాను.

పైపలక 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 1 అంగుళం మందం. కాళ్లు నాలుగూ 2 అంగుళాల చదరం, రెండున్నర అడుగుల ఎత్తు. కాళ్లను కలిపే పట్టీలు, సొరుగు కూడా లెక్కవేస్తే మొత్తం కలప సుమారు 1¼ ఘనపుటడుగులు. బాగా ఆరిన టేకు ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు తూగుతుంది. అంటే ఘనపుటడుగుకు 18 కిలోల పైచిలుకు. ఆ లెక్కన మా బల్ల 22, 23 కిలోలు ఉండాలి. బాత్రూమ్ తూకం మీద నిలబెడితే ముల్లు 22 దాటి ఆగింది. అంత టేకు అడితిలో కొనాలంటే ఎంతవుతుందో మీ ఊరి ధర అడిగి 1¼తో గుణించుకోండి. కోత కూలి, వడ్రంగి కూలి దానికి అదనం.

బరువు ఒక్కటే సాక్ష్యం కాదు. పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. చూడాల్సింది అంచు. అసలు కలపైతే పైన పొడవునా సాగిన చార, పలక కొస దగ్గర తెగి చిన్న చిన్న రంధ్రాలుగా, వంపు గీతలుగా కనపడుతుంది. పైన అందమైన చార ఉండి, కొసకు వెళ్లగానే అది ఆగిపోయి వేరే పట్టీ మొదలైతే అది పైకి అతికించిన వెనీర్. వెనీర్ మందం తరచుగా అర మిల్లీమీటరే. దాని మీద గరుకు కాగితం పెడితే పది నిమిషాల్లో కింద ప్లైవుడ్ బయటపడుతుంది. అలాంటి దాన్ని గీకకుండా తుడిచి పైన రంగు వేసుకోవడమే మేలు. మాది 'బర్మా టేకు' అని ఇంట్లో పెద్దవాళ్ల నమ్మకం. తెలుగిళ్లలో పాత ఫర్నిచర్ అంతా బర్మా టేకే అవుతుంది కాబట్టి నేను వాదించలేదు. ముడి దుంగల ఎగుమతిని ఆ దేశం 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది కాబట్టి ఆ మాట ఇప్పుడు మరింత గర్వంగా పలుకుతోంది.

పని మొత్తం 17½ గంటలు పట్టింది. రంగు గీకడానికి 7, కీళ్లకూ సొరుగుకూ 3, రుద్దడానికి 5, పాలిష్‌కు 2½. అందరూ మాట్లాడేది చివరి రెండున్నర గంటల గురించే. డబ్బా తెరిచి బ్రష్ ముంచితే పాత సామాను కొత్తదవుతుందనుకుంటాం. నిజానికి ఏడింట ఆరు వంతుల పని ఉన్నదాన్ని తీసేయడం, సరిచేయడమే.

ఆ తీసే పనిలో మొదటి అంకె 90. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశం 2016 నవంబరులో నిబంధన తెచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. కిలో రంగులో 90 మిల్లీగ్రాములకు మించరాదని దానర్థం. అంతకు ముందు డబ్బాల్లో ఎంత ఉండేదో డబ్బాను బట్టి మారేది. పాత రంగులో 1 శాతం సీసం ఉందనుకుందాం. దాన్ని పొడిగా రుద్దితే లేచే ప్రతి గ్రాము దుమ్ములో 10 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. ఇప్పటి పరిమితిలో ఉన్న రంగైతే అదే గ్రాములో 0.09 మిల్లీగ్రాములు. తేడా 111 రెట్లు. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హానికి ఇంతవరకు ఫర్వాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మా బల్ల రంగు 2017 కంటే చాలా పాతది. అందుకే సీసం ఉందనే లెక్కతోనే మొదలుపెట్టాను. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రంగు మీద నీళ్లు చల్లుతూ, రేకు గీకుడుతో పెచ్చులు తీశాను. ఎక్కడా పొడిగా రుద్దలేదు. పిల్లలను రానివ్వలేదు. పెచ్చులన్నీ పట్టాతో సహా మడిచి కట్టేశాను. వేడిగాలి యంత్రం వాడితే రంగు త్వరగా ఉబ్బి ఊడుతుంది గానీ, మరీ ఎక్కువ వేడికి సీసం ఆవిరై గాల్లో కలుస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకు నీళ్లే భద్రం. ఏడు గంటలు పట్టిందంటే దీనివల్లే.

రంగు పోయాక కనపడినవి నల్ల మచ్చలు. ఎప్పుడో కొట్టిన మేకుల చుట్టూ రూపాయి బిళ్లంత. కాలిన గుర్తులనుకుని చాలామంది అక్కడే గుంట పడేదాకా రుద్దుతారు. అవి కాలినవి కావు. కలపలోని వగరు పదార్థం ఇనుముతో, తడితో కలిస్తే నలుపవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు నల్ల గీత గీసేది ఈ రసాయనంతోనే. కరక్కాయలో, పాలల్లో తడిపి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమితో గీస్తే గీత నల్లబడుతుంది. వాళ్లు కావాలని చేసేది మా బల్ల మీద మేకు తనంతట తాను చేసింది. దీనికి మందు ఆక్సాలిక్ ఆమ్లం. లీటరు గోరువెచ్చని నీటికి 60 గ్రాములు కలిపి, మచ్చ మీద రాసి, అరగంట తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. గోంగూరలో కూడా ఈ ఆమ్లం కొద్దిగా ఉంటుంది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, పొడి రూపంలో ఇది విషం. చేతులకు తొడుగులు తప్పనిసరి, వంటగది గిన్నెలు వాడకూడదు. మూడు మచ్చల్లో రెండు పూర్తిగా పోయాయి. మూడోది లేత బూడిద రంగుకు తిరిగి ఆగింది. దాన్ని అలాగే వదిలేశాను.

ఊగే కాలు సంగతి తేలిక. కాలిని పట్టీతో కలిపే కుసి దాని గాడిలో వదులైంది, అంతే. పాత వడ్రంగులు పెట్టిన సరేసు వేడినీటికి మెత్తబడుతుంది కాబట్టి వేడి గుడ్డ చుట్టి కుసిని బయటికి లాగి, పాత జిగురు గీకి, కొత్తది పెట్టి, తాడుతో బిగించి 24 గంటలు ముట్టుకోలేదు. మేకు కొట్టేద్దామని చెయ్యి ఉబలాటపడుతుంది. కొడితే ఇంకో పదేళ్లకు ఇంకో నల్లమచ్చ.

సొరుగు దగ్గర ఓపిక కావాలి. వానాకాలంలో సొరుగు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టేస్తారు. కర్ర గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. టేకు పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా వెడల్పులో సుమారు 5 శాతం కుంచించుకుపోతుంది. పొడవులో ఆ కుంచింపు నామమాత్రం. ఈ కుంచింపంతా కలపలో తేమ 30 శాతం నుంచి సున్నాకు దిగే మధ్యలోనే జరుగుతుంది. అంటే తేమ 1 శాతం మారితే వెడల్పు 0.17 శాతం మారుతుంది. వేసవిలో 8 శాతం తేమ ఉన్న కర్ర శ్రావణానికి 13కు చేరిందనుకుంటే, 12 సెంటీమీటర్ల ఎత్తున్న సొరుగు ముఖం 1 మిల్లీమీటరు పెరుగుతుంది. సొరుగుకు వడ్రంగి వదిలే సందు కూడా దాదాపు అంతే! శ్రావణంలో చిత్రిక పడితే ఏప్రిల్లో సొరుగు గలగలలాడుతుంది. నేను చేసిందల్లా సొరుగు జారే అంచులకు కొవ్వొత్తి రుద్దడమే. ఫాల్గుణం వచ్చాక కూడా బిగుసుకుంటే అప్పుడు చూద్దాం.

సొరుగు అడుగుపట్టీ మాత్రం మార్చాల్సి వచ్చింది. అది టేకు కాదు, ఏదో తెల్లచెక్క. 1 నుంచి 2 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు, కింద పిండిలా రాలిన పొడి. పుచ్చు పురుగుకు కావలసింది తెల్లచెక్కలోని పిండిపదార్థం. చేవ జోలికి అది రాదు.

ఇక రుద్దుడు. గరుకు కాగితం వెనక అచ్చేసిన అంకెను చదవకుండా "సన్నది ఒకటి, గరుకుది ఒకటి ఇవ్వు" అని కొనేవాళ్లలో మొన్నటిదాకా నేనూ ఒకణ్ని. అంకె పెరిగేకొద్దీ రజను సన్నబడుతుంది. 80వ నంబరు కాగితం మీద రేణువు సుమారు 0.2 మిల్లీమీటర్లు, 120లో 0.125, 180లో 0.08, 320లో 0.046. ఒక్కో కాగితం చేసే పని తన ముందు కాగితం వేసిన గీతలను చెరిపి, తన చిన్న గీతలు వేయడం. 80 నుంచి నేరుగా 320కి దూకితే ఆ పెద్ద గీతలు చెరగవు. బల్ల చేతికి నున్నగా తగులుతుంది, కంటికీ బాగుంటుంది. పాలిష్ పడగానే గీతలన్నీ తేలతాయి. గుర్తుంచుకోవడానికి ఒక లెక్క ఉంది. ప్రతి అడుగూ ఒకటిన్నర రెట్లకు మించకూడదు. 80, దానికి ఒకటిన్నర 120, దానికి ఒకటిన్నర 180, ఆ తర్వాత 240, 320. అయిదు కాగితాలు, మనిషి సహనానికి అయిదు పరీక్షలు. రుద్దేది ఎప్పుడూ చార వెంటే, అడ్డంగా కాదు.

కలప దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. అది ముఖ్యంగా ఏళ్ల తరబడి పీల్చే వడ్రంగుల గురించిన హెచ్చరికే అయినా, కోవిడ్ రోజుల్లో మిగిలిపోయిన ఎన్95 మాస్కులు సొరుగులో ఉండగా పీల్చడం దేనికి?

పాలిష్‌కు నేను లక్కనే ఎంచుకున్నాను. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు స్రవించే జిగురది. దేశంలో లక్క సగానికి పైగా జార్ఖండ్ నుంచే వస్తుంది. దాని మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే సంస్థ పెట్టారు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద మెరిసేదీ లక్కే. తరిమెన మీద బొమ్మ గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీని ఆనిస్తారు, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. బల్లను అలా తిప్పలేం కాబట్టి లక్కను స్పిరిట్‌లో కరిగించాలి. లీటరు స్పిరిట్‌కు 150 గ్రాముల లక్క రేకులు, ఒక రాత్రి నాననివ్వాలి. పక్కన పొయ్యి, అగరొత్తి ఏదీ ఉండకూడదు. భారతంలోని లక్క ఇంటి కథ తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మా బల్లకు పాలిష్ పట్టే వైశాల్యం 1.75 చదరపు మీటర్లు. లీటరు ద్రావణం ఒక పూతకు 10 చదరపు మీటర్లు వస్తుంది. అయిదు పూతలు వేసినా ఇంకా మిగిలింది. పూత తడిగా ఉన్నప్పుడు మందం 0.1 మిల్లీమీటరు. స్పిరిట్ ఆవిరయ్యాక అందులో ఎనిమిదో వంతు నిలుస్తుంది. అయిదు పూతలూ కలిపితే ఒక వెంట్రుక మందం. దూది ఉండను పాత పంచె గుడ్డలో చుట్టి, పలచగా రాసి, పూతకూ పూతకూ మధ్య రెండు గంటలు ఆగాలి. ముసురు రోజున మాత్రం మొదలుపెట్టకండి. ఆరేటప్పుడు తేమ పట్టి పాలిష్ తెల్లబారుతుంది.

లక్క వద్దనుకుని అవిసె నూనె రాసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని వన్ మెరిడియన్ ప్లాజాలో జరిగిందదే. 38 అంతస్తుల భవనం, 22వ అంతస్తులో గోడల చెక్కపనికి మెరుగు పెట్టి వదిలేసిన నూనె గుడ్డలు. ఎనిమిది అంతస్తులు కాలాయి, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 30వ అంతస్తులో నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉండబట్టి మంట అక్కడ ఆగింది. కాబట్టి గుడ్డలను విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

ఇక మిగిలింది సొరుగుకున్న ఇత్తడి పిడి. దానికి చింతపండు చాలు, పావుగంట.

బల్ల ఇంట్లోకి వచ్చిన తొమ్మిదో రోజున మా బాబాయి వచ్చాడు. పొగలు కక్కే కాఫీ ఉన్న స్టీలు గ్లాసును కబుర్లలో పడి నేరుగా బల్ల మీద పెట్టాడు. లక్క 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. గ్లాసు ఎత్తేసరికి తెల్లటి గుండ్రటి మచ్చ! "అయ్యో, ఏమిట్రా ఇది ఇలా అయింది" అని ఆయన కంగారు. పాలియురెథేన్ పూతైతే ఆ వేడికి చెక్కుచెదరదు గానీ, ఒకసారి దెబ్బతింటే పలకంతా గీకి మళ్లీ వేయాల్సిందే. లక్క మాత్రం ఎన్నేళ్లయినా స్పిరిట్‌కు కరుగుతుంది. గుడ్డకు నాలుగు చుక్కల స్పిరిట్ తడి చేసి మచ్చ మీద తేలిగ్గా నాలుగుసార్లు తిప్పాను. బాబాయి రెండో గ్లాసు కాఫీ అయ్యేలోపు మచ్చ పోయింది. ఈసారి ఆయన గ్లాసును ఒళ్లో పెట్టుకున్న పేపరు మీద పెట్టుకున్నాడు.