తలలో గడ్డలన్నీ కణితులు కావు

బాలాపూర్: ఉన్నట్టుండి మనిషి కొయ్యబారి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతే చుట్టుపక్కలవారు మొదట చేసే పని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం. ఇనుముతో ఫిట్స్ ఆగవు. సాధారణంగా రెండు మూడు నిమిషాలకు అవే తగ్గుతాయి. ఆ తరువాత ఉస్మానియాకో, పంజగుట్టలోని నిమ్స్‌కో పరుగు. స్కానింగులో మెదడులో ఉంగరంలాంటి మచ్చ ఉందనగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. కణితి అంటే క్యాన్సరే అన్న భయం అటువంటిది.

అయితే అది కణితే కానక్కరలేదు. క్షయ గడ్డ, బద్దెపురుగు పిల్ల, చెవిలో చీము లోపలికి పాకి కట్టిన గడ్డ, శిలీంధ్రపు గడ్డ, ఇవన్నీ కణితి వేషం వేసుకుని వస్తాయి. పుర్రె తెరిచిన సర్జనుకు సైతం ఒక్కొక్కప్పుడు కంటితో చూసి తేల్చడం కష్టమే.

1980 దశకంలో మన దేశంలో ఫిట్స్ రోగుల స్కానింగులో కనిపించే చిన్న మచ్చలను ఎక్కువగా క్షయ గడ్డలుగా భావించి నెలల తరబడి క్షయ మందులు వాడేవారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల న్యూరోసర్జన్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ తదితరులు అటువంటి మచ్చలను తీసి పరీక్ష చేయించగా పలువురిలో బయటపడింది బద్దెపురుగు పిల్ల! ఈ సంగతిని వారు 1989లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. మచ్చ ఒక్కటే ఉండి, 20 మిల్లీమీటర్లకు మించక, మెదడును పక్కకు నెట్టక, రోగికి కాలూ చేయీ పడిపోవడం వంటివి లేకుంటే పురుగు అయ్యే అవకాశమే ఎక్కువని తరువాతి పరిశీలనల్లో తేలింది. చాలామందిలో అది కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. పుర్రె తెరవవలసిన పని లేకుండా ఫిట్స్ మందుతోనే కోలుకుంటారు.

పంది మాంసం ముట్టని ఇంట్లో ఈ జబ్బేమిటని పలువురు ఆశ్చర్యపోతారు. కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు సరిగా కడగని ఆకుకూరల ద్వారా, చేతుల ద్వారా ఎవరి నోట్లోకైనా చేరవచ్చు. శాకాహారులకూ మినహాయింపు లేదు.

ఆపరేషన్ తప్పనిప్పుడు తీసిన ముక్క ఎక్కడికి వెళుతుందన్నది కీలకం. మొత్తం ఫార్మలిన్ సీసాలో వేస్తే క్రిములు చచ్చి కల్చర్‌కు పనికిరాదు. ఒక భాగం ఫార్మలిన్‌లో పాథాలజీకి, మరొకటి ఫార్మలిన్ తగలకుండా మైక్రోబయాలజీకి వెళ్ళాలి. కణితికి రేడియేషన్, క్షయకు నెలల మందులు, చీముకు యాంటీబయాటిక్స్. ఒకదానికి మరొకటి ఇస్తే ప్రాణం మీదకే. క్షయ కల్చర్ ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. కుట్లు విప్పించుకుని ఇంటికి చేరినవారు ఆ కాగితం కోసం మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళవలసిందే.