కదలిన ఓడకొయ్య మొదలు

టైడాలో నివసించు మనకు సముద్రము కంటి కగపడదు. కిరందులు నుండి యినుపరాతిని మోసికొనివచ్చు రైలుబండ్లు మాత్రము కొండసొరంగములగుండ దూరి, మన యూరు దాటి, విశాఖపట్టణపు రేవునకు దిగిపోవుచుండును. ఇట్టి చోట ఓడకొయ్యనుగూర్చిన వ్యాసమెందులకని విద్యార్థులు నవ్వవచ్చును. కాని కలపపనిలోని రెండు మర్మములు తీరమందలి బాలురకంటె కొండబాలురకే చక్కగ దెలియును. గొడ్డలి కామ యేల వదులగునో, వంటచెరకు ఏ వైపున దెబ్బ తగిలిన చీలునో మీకొకరు చెప్పనక్కరలేదు. ఓడకొయ్య మొదలు కదలి చప్పుడు చేయుటయు, దానిని బాగుచేయుటయు నీ రెంటిలోనే యిమిడియున్నవి.

తెరచాపను నిలుపు నిలువుకొయ్య మనవారికి క్రొత్తది కాదు. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో నాంధ్రతీరము నేలిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యలుగల ఓడ బొమ్మ యున్నది. అమరకోశము దీనికి గుణవృక్షకమనియు, కూపకమనియు పేళ్లు చెప్పుచున్నది. గుణమనగా త్రాడు. కూపకమను మాటకు చిన్న నుయ్యి, గుంట యను నర్థములును గలవు. పేరు ఎట్లు వచ్చినను, మన విషయమునకు రెండు మాటలును సరిపోవుచున్నవి. ఏలయన ఓడకొయ్య పైన త్రాళ్లచేతను, క్రింద గుంటచేతను నిలుచుచున్నది. గోదావరి ముఖమందలి కోరంగి, తాళ్ళరేవులలో కొయ్య ఓడలు కట్టెడివారు. 1839 నాటి తుపాను కోరంగిని పాడుచేసెను. తాళ్ళరేవున నా పని తరువాతను సాగినది.

ఓడ యడుగుదూలముపై నొక గట్టి దిమ్మను పొడవుగ పరచి బిగింతురు. దానిలో నొక గుంట తొలుతురు. కొయ్య మొదలును కుసిగా చెక్కి యా గుంటలో దింపుదురు. పైబల్లలలోని రంధ్రమువద్ద చుట్టును చీలలు పెట్టుదురు. కొయ్య తలనుండి ప్రక్కలకును, ముందువెనుకలకును కట్టుత్రాళ్లు లాగి కట్టుదురు. ఈ త్రాళ్లు కొయ్యను పడకుండ పట్టుకొనునని మాత్రమే మనము తలంతుము. నిజమునకవి దానిని క్రిందికి గ్రుచ్చుచున్నవి కూడ. ఇరుప్రక్కల త్రాళ్లు కొయ్యతో 12 డిగ్రీల కోణము చేయుచు ఒక్కొక్కటి 100 కిలోల బరువుతో లాగుచున్న యెడల, కొయ్య మొదటిపై పడు నొత్తిడి 195 కిలోలకు మించును. కొయ్య బరువు, గాలి బలము దీనికి వేరు. ఇంత భారము మోయు పాదము వ్రేలెడంత కదలినను, ప్రతి అలకు నది సమ్మెటదెబ్బయగును.

చాల యేండ్ల క్రిందట కాకినాడ యెదుటి సముద్రమున నొక చిన్న తెరచాప నావలో పోవు భాగ్యము నాకు గలిగెను. గాలి తగినంతగా నున్నది. నీరు నిదానముగనే యున్నది. అయినను నావ ప్రక్కకు వ్రాలినప్పుడెల్ల పాదములక్రింద 'డుబ్బు'మని యొక మ్రోత. నేను భయపడి యడుగగా, నావ నడుపు పెద్దాయన, "రెండుదినములనుండి యిట్లే యున్నది బాబూ, నిన్న ప్రక్కన నొక చీల కొట్టితిని, సద్దుమణిగినది, నేడు మరల మొదలు పెట్టినది" అనెను. అట్లని యూరకుండక, వంగి అరచేయి కొయ్య మొదట నానించి, కొంతసేపు కన్నులు మూసికొని యుండెను. పిమ్మట మారుమాటలేక చాప దింపించి, తెడ్లతో నావను ఒడ్డునకు త్రిప్పించెను. అవతలి యూరిలో పెండ్లికి పోవలసిన వారిద్దరు మాతో నుండిరి. వారు సణగిరి, బ్రతిమాలిరి; ఆయన వినలేదు.

ఒడ్డున కొయ్యను పైకెత్తి చూడగా దిమ్మ పొడవునను జానెడు పగులు కనబడెను. నిన్న కొట్టిన చీలయే దానిని చీల్చినది. దిమ్మలోని నార నావ పొడవున పోవుచున్నది. ప్రక్కనుండి కొట్టిన చీల గుంట గోడలను కుడియెడమలకు ఒత్తును. అనగా మీరు వంటచెరకును గొడ్డలితో చీల్చునట్లే. మ్రోత ఒక దినము మానినమాట నిజమే, కాని దానితోడనే దిమ్మయు విడిపోవ నారంభించెను. ఇంకొక గంట యా గాలిలో పోయియుండినచో కొయ్య పాదము దిమ్మను రెండుగ చేసి అడుగుబల్లలపై పడియుండెడిది.

ఇట్టి వదులు ఎట్లు పుట్టును? కలప యెండినప్పుడు నారకు అడ్డముగ తగ్గును, పొడవున తగ్గుట మిక్కిలి స్వల్పము. కావున కొయ్య పొట్టిగాదు, సన్నమగును. గుంటలో ప్రక్కల సందు ఏర్పడును. వేసవిలో నావను చాలకాలము ఒడ్డున నుంచినచో నిది తప్పదు. అందుకు నీరు పోసి నానబెట్టుట చాలమంది చేయు ఉపాయము. వదులైన కామగల గొడ్డలిని రాత్రి కుండలో ముంచిపెట్టుట మీరెరుగుదురు గదా. మరునాడు బిగువుగనే యుండును. ఎండిన తరువాత మునుపటికంటె వదులగును. ఉబ్బిన నార యినుమున కొత్తుకొని నలిగిపోయి, మరల మునుపటి రూపమునకు రాకపోవుటయే దీనికి కారణము.

రెండవ కారణము క్రుళ్లు. ఉప్పునీటికంటె వాననీరే కలపకు శత్రువు. అది కొయ్యవెంబడి జారి, పైబల్లల రంధ్రముగుండ దిగి, గుంటలో నిలిచి, పాదమును నల్లబరచి మెత్తజేయును. మూడవది త్రాళ్ల సాగుబాటు. కాలువలలో వంతెనల క్రింద దూరుటకై పలుమారు కొయ్యను దించి యెత్తు పడవలలో నాలుగవది కూడ గలదు: ఎత్తినప్పుడెల్ల కుసి అంచులు అరిగి గుండ్రబడును.

ఏది కారణమో తెలియక సుత్తి పట్టరాదు. చెవిని నమ్మరాదు, మ్రోత కలపవెంబడి ప్రాకును గనుక పైరంధ్రమువద్ద పుట్టినది పాదమున పుట్టినట్లే వినబడును. రేవులో చాప దింపి, ఒకరు నావ అంచున నిలిచి మెల్లగ నూపవలెను. మరియొకరు ఒక వ్రేలు సగము కొయ్యపైనను సగము దిమ్మపైనను ఉంచి చూడవలెను. కదలిక వెండ్రుకవాసి యైనను వ్రేలికి తెలియును. తరువాత పైరంధ్రమునొద్ద నట్లే చూడవలెను. పైన మాత్రమే కదలినచో అచ్చటి చీలలు మార్చిన చాలును. పాదము కదలుచున్నచో మొదట కట్టుత్రాళ్లను, ఇరుప్రక్కల సమముగ, కొంచెము కొంచెముగ బిగించి చూడవలెను. తరచుగ నింతటితోనే జబ్బు నయమగును. కాని మ్రోత ఆగువరకు బిగించుచునే పోవుట మంచిది కాదు. పైన చెప్పిన లెక్క జ్ఞాపకముంచుకొనుడు, బిగించిన ప్రతి కిలోయు పాదముపైననే పడును.

అప్పటికిని ఆగనిచో కొయ్యను ఎత్తవలసినదే. వేరుత్రాళ్లతో నలువైపుల పట్టించిన పిమ్మటనే కట్టుత్రాళ్లు వదలవలెను. ఈ తొందరలో చేతులు నలిగినవారు పెక్కురు. మొదలు బయటికి రాగానే ఒక మేకుతో పొడిచి చూడవలెను. మేకు మెత్తగ దిగినచో, గట్టి కలప తగులువరకు కోసివేసి, తగ్గిన యెత్తునకు దిమ్మక్రింద పలక చేర్చవలెను. పాదము గట్టిగనే యుండి, ఒక్క అంచు మాత్రము నిగనిగలాడుచున్నచో, అది మిట్టపై నూగుచున్నదని యర్థము. గుంట యడుగున సుద్ద రాచి కొయ్యను దింపి యెత్తిన, సుద్ద అంటినచోటే ఆనినచోటు. అచ్చట ఉలితో పల్చగ చెక్కి, సుద్ద పాదమంతట అంటువరకు మరల మరల చూడవలెను. ఇది విసుగుపుట్టించు పని. అయినను మొత్తము మరమ్మతులో దీనిని మించినది లేదని నా యభిప్రాయము.

ఇక చీలలు. ప్రక్కల సందులో పలుచని యెండు పలకను సరిగ అమర్చి దింపవలెనే గాని సుత్తితో తోయరాదు. బిగింపు చీలను ముందువెనుకలనే కొట్టవలెను. అచ్చట ఒత్తిడి నార చివరలపై పడును గాన దిమ్మ చీలదు. మన అడవులలోని వేగిస, మద్ది వంటి గట్టి కర్ర దీనికి పనికివచ్చును; పచ్చిది మాత్రము కూడదు.

నేటి క్రీడానౌకలలో అల్యూమినియపు కొయ్యలును, లోహపు పాదములును వచ్చినవి. వానిలో క్రుళ్లులేదు, తుప్పున్నది. ఉప్పునీటిలో అల్యూమినియమును, వన్నెతగ్గని యుక్కును తాకుచుండినచో అల్యూమినియము తినివేయబడును. అందుచే రెంటినడుమ నైలాను పలక పెట్టుదురు. చప్పుడు పరీక్షించు క్రమము మాత్రము మారలేదు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన నౌకాదళపు తారిణి యను తెరచాపనౌకలో నారుగురు స్త్రీలు భూమిని చుట్టివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు మన తెలుగువారు. వారములతరబడి రేవు కనబడని అట్టి ప్రయాణములో కొయ్యను, త్రాళ్లను చూచుకొనుట నిత్యకృత్యము. ఒక రాత్రి విన్న క్రొత్త చప్పుడును తెల్లవారువరకు వాయిదా వేయుటకు వీలులేదు.

కాకినాడ నావకు పగిలిన దిమ్మ తీసి క్రొత్తది వేయుటకు మూడుదినములు పట్టెను. పెండ్లివారు రోడ్డుదారిని పోయిరి. నేను మాత్రము చూచుచు కూర్చుంటిని. అంతయు బిగించిన పిమ్మట పెద్దాయన దిమ్మ ప్రక్కగా చిటికెనవ్రేలు పట్టునంత రంధ్రమొకటి గుంట యడుగుదాక తొలిచెను. అందుపై చెంబెడు మంచినీళ్లు కొయ్యవెంబడి పోసి, అవి రంధ్రమునుండి చుక్క మిగులక బయటికి వచ్చువరకు కాచుకొని, అటుపిమ్మట చాప యెత్తుమనెను.