పాము విషానికి కంప్యూటరు గీసిన విరుగుడు

వానాకాలంలో రాత్రిపూట పొలానికి బయలుదేరితే "టార్చిలైటు తీసుకెళ్ళు, పురుగూ పుట్రా ఉంటాయి" అని పెద్దలు హెచ్చరించటం మీరు వినే ఉంటారు. ఆ భయానికి కారణం ఉంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని అంచనా.

నాగుపాము విషం మనిషిని ఎలా చంపుతుంది? ఆ విషంలో మూడు వేళ్ళు చాచినట్లుండే చిన్న చిన్న ప్రోటీన్లు ఉంటాయి. మనం ఊపిరి పీల్చాలంటే నాడులు కండరాలకు ఆజ్ఞలు పంపాలి. కండరం మీద ఉండే గ్రాహకాలు వాటిని అందుకోవాలి. విషప్రోటీన్లు వెళ్ళి ఆ గ్రాహకాలను మూసివేస్తాయి. ఆజ్ఞ అందక కండరాలు చచ్చుబడతాయి. ఊపిరి ఆగిపోతుంది.

దీనికి ఇప్పుడు వాడే మందు ఎలా తయారవుతుందో తెలుసా? గుర్రాలకు కొద్దికొద్దిగా పాము విషం ఎక్కిస్తారు. వాటి రక్తంలో విషాన్ని ఎదిరించే ప్రతిదేహాలు పుడతాయి. వాటిని వేరుచేసి మందుగా వాడతారు. వందేళ్ళకు పైగా ఈ మందు ఎన్నో ప్రాణాలను కాపాడుతున్నది. అయితే ఒక చిక్కు ఉంది. మూడు వేళ్ళ ప్రోటీన్లు మరీ చిన్నవి కావటంవల్ల గుర్రం శరీరం వాటిని అంతగా పట్టించుకోదు. వాటిని ఎదిరించే ప్రతిదేహాలు తక్కువగా పుడతాయి.

మరి ఆ విషప్రోటీనుకు గట్టిగా అతుక్కుని, దానిని గ్రాహకం దగ్గరకు పోనివ్వని కొత్త ప్రోటీనును మనమే తయారు చేసుకోకూడదా?

ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలనే పూసల దండ. పూసలు 20 రకాలు. వాటి వరుసనుబట్టి దండ ముడుచుకుని ఒక ఆకారం పొందుతుంది. ఆకారాన్నిబట్టే అది చేసే పని ఉంటుంది. 100 పూసల దండను ఎన్ని విధాలుగా గుచ్చవచ్చునో లెక్క వేయండి. 20ని 20తో వరుసగా గుణిస్తూ 100 సార్లు వేయాలి. జవాబు 1 పక్కన 130 సున్నాలు పెట్టినంత! ఒక్కొక్కటే గుచ్చి చూడటం ఎవరి తరం?

ఇక్కడే కంప్యూటరు సాయపడింది. అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ బృందం 'ఆర్‌ఎఫ్ డిఫ్యూజన్' అనే ప్రోగ్రామును తయారు చేసి 2023లో ప్రకటించింది. అది ఎలా నేర్చుకుందో చెప్పటానికి మన ముగ్గే మంచి ఉదాహరణ. ఒక ముగ్గును కొద్దికొద్దిగా చెరిపి, "దీనిని సరిచెయ్యి" అని ఒక అమ్మాయికి ఇచ్చామనుకోండి. ఇలా వేల ముగ్గులు సరిచేసిన అమ్మాయికి ముగ్గుల తీరు పట్టుబడుతుంది. చివరకు ఉత్త పిండి చల్లి ఇచ్చినా అందులోంచి ఒక కొత్త ముగ్గును తీయగలదు. శాస్త్రజ్ఞులకు తెలిసిన ప్రోటీన్ల ఆకారాలను చెరిపి, ఈ ప్రోగ్రాముకు ఇలాగే నేర్పారు.

బేకర్ బృందం డెన్మార్క్ శాస్త్రజ్ఞులతో కలిసి విషప్రోటీను ఆకారాన్ని ఈ ప్రోగ్రాముకు ఇచ్చి, దానికి అతుక్కునే ఆకారాలను గీయించింది. ఆ ఆకారం రావటానికి ఏ పూసలు గుచ్చాలో మరొక ప్రోగ్రాము చెప్పింది. వాటిలో మంచివని తోచిన కొన్ని పదులను మాత్రమే ప్రయోగశాలలో తయారు చేసి పరీక్షించారు. ఒకటి మొదట బలహీనంగానే అతుక్కుంది. దానిని మళ్ళీ కొంచెం చెరిపి దిద్దించారు. పట్టు ఎన్నో రెట్లు పెరిగింది!

2025 జనవరిలో ఫలితాలు వెలువడ్డాయి. ప్రాణాంతకమైన మోతాదులో విషప్రోటీను ఇచ్చిన ఎలుకలలో 80 నుంచి 100 శాతం ఈ కొత్త ప్రోటీన్లవల్ల బతికాయి. వీటి తయారీకి గుర్రాలతో పని లేదు. సూక్ష్మజీవులచేత తయారు చేయించవచ్చు. కంప్యూటరుతో కొత్త ప్రోటీన్లను రూపొందించినందుకు బేకర్‌కు అంతకుముందే, 2024లో, రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో సగం లభించింది.

అయితే ఒక మాట మరువకండి. ఎలుక బతికినంత మాత్రాన మనిషికి మందు సిద్ధమైనట్లు కాదు. పాము విషంలో ఇంకా ఎన్నో రకాల ప్రోటీన్లు ఉంటాయి. మనుషులలో పరీక్షలు జరగాలి. కంప్యూటరు గీసింది నిజమో కాదో తేల్చేది ప్రయోగమే. అంతవరకు పాము కరిస్తే మంత్రాలతో, నాటువైద్యంతో కాలం వృథా చేయక, కరిచిన కాలినో చేతినో కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఈ మాట మీ ఇంట్లోనూ చెప్పండి.