ప్రభుత్వమే ఇంటి యజమాని అయితే

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 200కు పైగా స్థానిక హౌసింగ్ అథారిటీలు ఉన్నాయి. ఆదాయం తక్కువగా ఉన్నవారికి ఇళ్లు అద్దెకిచ్చి, వాటి మంచిచెడ్డలు చూసుకోవడం వీటి పని. ఇంటి యజమాని ఎప్పటికీ అథారిటీయే. అందుకే కుళాయి కారినా, బాయిలర్ ఆగినా, పైకప్పు ఉరిసినా బాధ్యత దానిదే. దాదాపు ప్రతి అథారిటీకీ ఐదుగురు సభ్యుల బోర్డు ఉంటుంది. వారిలో ఒక స్థానం అద్దెదారులది. రోజువారీ పనులు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ నడిపిస్తారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన సైనికులకు ఉండటానికి ఇళ్లు దొరకలేదు. వారి కోసమే రాష్ట్రం 1948లో చట్టం చేసింది. చాప్టర్ 200గా పేరుపడిన ఆ ఇళ్లలో ఇప్పుడు తక్కువ ఆదాయపు కుటుంబాలు ఉంటున్నాయి. మాజీ సైనికులకు ప్రాధాన్యం మాత్రం నేటికీ ఉంది. వృద్ధుల కోసం 1950లలో చాప్టర్ 667 ఇళ్లు మొదలయ్యాయి. వాటిలోనే 13.5 శాతం 60 ఏళ్లు నిండని దివ్యాంగులకు కేటాయించారు. ఇలా కలిపి ఉంచడం నిర్వాహకులకు అంత తేలిక కాదు. ఒక గోడకు ఇటువైపు రాత్రి ఎనిమిదింటికే నిద్రపోయే ఎనభై ఏళ్ల పెద్దావిడ, అటువైపు అప్పుడే టీవీ పెట్టుకునే ముప్పై ఏళ్ల యువకుడు. ఇద్దరి అవసరాలూ న్యాయమైనవే. వారి మధ్య సర్దిచెప్పడానికి, వైద్యం, భోజనం వంటి సేవలు అందేలా చూడటానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉండటం ఎంతో అవసరం.

అద్దెను ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. కరెంటు, హీటింగ్ ఖర్చులు కలిసిన వృద్ధుల ఇళ్లలో అది నికర ఆదాయంలో 30 శాతం. నెలకు 1,200 డాలర్ల నికర ఆదాయం ఉన్న వ్యక్తి 360 డాలర్లు కడితే చాలు. ఆదాయం పడిపోతే అద్దె కూడా తగ్గుతుంది. సమాఖ్య ప్రభుత్వ నిధులతో నడిచే ఇళ్లలో ఇలాంటి పరిమితిని 1969లో తెచ్చింది ఈ రాష్ట్రపు సెనేటరే, ఎడ్వర్డ్ బ్రూక్. మొదట అది 25 శాతం, 1981లో 30కి పెంచారు. అంతకుముందు నిర్వహణ ఖర్చంతా అద్దెల మీదే పడేది. ఖర్చు పెరిగినప్పుడల్లా అద్దె పెంచేవారు, ఆ భారం పేదలు మోసేవారు. పరిమితి వచ్చాక ఆ లోటు సబ్సిడీతో పూడాలి. సబ్సిడీ చాలకపోతే మొదట వాయిదా పడేది మరమ్మతే.

వాయిదాలు పేరుకుపోతే ఏమవుతుందో 1970లలో బోస్టన్ చూసింది. హీటింగ్ లేని గదులు, ఎలుకలు, పగిలిన కిటికీలు, ఇళ్లు ఖాళీ అయి పాడుబడిన సముదాయాలు. అద్దెదారులు 1975లో కోర్టుకెక్కారు. అక్కడి అథారిటీ బోర్డు పరిస్థితిని చక్కదిద్దలేదని తేలడంతో జడ్జి పాల్ గారిటీ దాని అధికారాలు తీసేసి, 1980లో హ్యారీ స్పెన్స్‌ను రిసీవర్‌గా, అంటే కోర్టు తరఫున నడిపే నిర్వాహకుడిగా నియమించారు. అద్దెదారులే పోరాడి తమ యజమానిని మార్పించుకున్నారు.

దివ్యాంగుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. సమాఖ్య నిధులు తీసుకునే సంస్థ, అద్దెదారు అడిగిన సహేతుకమైన మార్పును సాధారణంగా తన ఖర్చుతోనే చేయాలి. బాత్‌టబ్ పక్కన పట్టుకునే కడ్డీ, వీల్‌చెయిర్ ఎక్కే ర్యాంపు, చెవులు వినపడనివారికి వెలుగుతో హెచ్చరించే పొగ అలారం. కడ్డీ చిన్న వస్తువే. అది లేక జారిపడి తుంటి ఎముక విరిగిన ముసలివారు తిరిగి ఆ ఇంటికి రాకపోవచ్చు.

నిర్వహణకు అసలు పరీక్ష ఇల్లు ఖాళీ అయిన రోజున మొదలవుతుంది. తాళం మార్చాలి, గోడలకు రంగు వేయాలి, స్టవ్ పరీక్షించాలి, తనిఖీ పూర్తి చేయాలి. ఈలోగా ఇంటి కోసం ఎదురుచూసేవారి జాబితాలో తర్వాతి దరఖాస్తుదారును పిలిచి ఆదాయ పత్రాలు చూడాలి. అగ్నిప్రమాదాల్లో, ప్రకృతి విపత్తుల్లో ఇల్లు పోయినవారిది ముందు వరస. మరమ్మతు సిబ్బంది ఒకరిద్దరే ఉన్న చిన్న ఊళ్లలో ఈ పని నెలల తరబడి సాగుతుంది. 2023 వేసవిలో రాష్ట్ర నిధులతో నడిచే దాదాపు 41,500 ఇళ్లలో సుమారు 2,300 ఖాళీగా ఉన్నాయి. అప్పుడు జాబితాలో ఎదురుచూస్తున్నవారు 1.84 లక్షల మంది.