మెదడు చిత్రముల తులన – పూర్వసంస్కారము

వ్రాతప్రతులను పోల్చు పరిష్కర్త మొదట పద్యసంఖ్యలను సరిచూచుకొనును. లేనిచో సంఖ్యాభేదమే పాఠభేదముగా తోచును. రెండు రోగివర్గముల మెదడు చిత్రములను గణాంకరీతిని పోల్చుటయు ఇట్టిదే. తల కదలికచే కలిగిన దోషములను సవరించి, పుర్రె భాగమును తొలగించి, రెండు వర్గముల చిత్రములను ఒకే మూసకు సరిపుచ్చవలెను. అప్పుడే ఒకరి మెదడులోని బిందువును మరియొకరి మెదడులోని అదే స్థానముతో పోల్చ వీలగును.

ఆ మూస ఎవరిదనునది ముఖ్యము. 1988 నాటి తలైరాక్ పటమునకు ఆధారము 60 ఏండ్ల స్త్రీ ఒకతె మెదడు మాత్రమే. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు 2019లో 100 మంది భారతీయుల చిత్రములతో వేరొక పటమును నిర్మించి, భారతీయుల మెదడు సగటున పాశ్చాత్యుల మెదడుకంటె చిన్నదని చూపిరి. పరదేశపు మూసకు మిక్కిలి సాగదీసినచో, ఆ సాగదీతలోని దోషమే రోగకృతమైన క్షయముగా తోచవచ్చును. అటుపిమ్మట ఎంత గణితము చేసినను ఆ భ్రాంతి తొలగదు.